రిపోర్టులన్నీ నార్మలే, మరి ఈ నొప్పి ఎక్కడిది?

పాఠకుల ప్రశ్నలు – డాక్టరు జవాబులు

కీళ్ళవాతం మీద రాసినప్పటి నుంచి ఒడిశా వైపు పాఠకుల ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు ఆగడం లేదు. పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం, జయపురం. చదువుతుంటే సగానికి సగం కీళ్ళవాతం కేసులే కావు. వాపు లేదు, జ్వరం లేదు, ఎక్స్‌రేలో ఏమీ లేదు, కానీ ఒళ్ళంతా నొప్పి. చాలామందికి ఏదో ఒక చీటీ మీద ఫైబ్రోమయాల్జియా అని రాసి ఇచ్చారు గాని అదేమిటో విడమరిచి చెప్పినవాళ్ళు లేరు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. పేర్లు వెయ్యడం లేదు, ఊళ్ళు మాత్రం వేస్తున్నాను.

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. నాకు 43 ఏళ్ళు. రెండేళ్ళుగా మెడ, భుజాలు, నడుం, తొడలు, పిక్కలు, ఇవాళ ఒకచోట రేపు ఇంకోచోట సలుపు. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు అయ్యాయి. గాజులు తాకట్టు పెట్టి నడుముకి ఎంఆర్ఐ కూడా తీయించాం. అన్నీ నార్మల్. ఆఖరికి డాక్టరుగారు ఫైబ్రోమయాల్జియా అని రాసి, టెన్షన్ తగ్గించుకోమన్నారు. ఇంటికొచ్చాక మా అత్తగారు "ఏమీ లేదన్నారట కదా, మరి పనికి ఒళ్ళు వంగదేం?" అంటారు. మా ఆయన ఏమీ అనరు, అది ఇంకా బాధ. రిపోర్టులో లేని నొప్పి నా ఒంట్లోకి ఎక్కడినుంచి వస్తోంది? – గృహిణి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, ఈ జవాబు మీ ఆయన చేత పైకి చదివించండి, మీ అత్తగారికి కూడా వినపడేలాగ.

ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది. ఎంఆర్ఐలో డిస్కు జారిందా, నరం నలిగిందా అన్నది కనిపిస్తుంది. రక్తపరీక్షలో వాపు, ఇన్‌ఫెక్షను, థైరాయిడు తేడాలు తెలుస్తాయి. ఇవన్నీ నొప్పికి కారణాలను వెతికే పరీక్షలే తప్ప నొప్పిని కొలిచేవి కావు, నొప్పిని కొలిచే రక్తపరీక్ష అంటూ ఇప్పటిదాకా లేదు. కాబట్టి "రిపోర్టు నార్మల్" అంటే ఆ పరీక్ష వెతికిన జబ్బు దొరకలేదని మాత్రమే అర్థం. నొప్పి లేదని కాదు.

మరి ఎక్కడిది అంటే, నొప్పి తయారయ్యే దారి ఒకసారి చూడాలి. గుమ్మానికి కాలి చిటికెన వేలు కొట్టుకున్నప్పుడు గమనించండి, ముందు చురుక్కుమంటుంది, ఒక క్షణం ఆగి మంటగా, సలుపుగా రెండో నొప్పి మొదలవుతుంది. ఎందుకంటే కబురు మోసే నరాల పోగులు రెండు రకాలు. ఒక రకం వేగంగా మోస్తుంది, ఇంకో రకం చాలా సన్నటి పోగులు, సెకనుకి మీటరు చొప్పున నింపాదిగా మోస్తాయి. రెండూ వెళ్ళి వెన్నుపాములో ఆగుతాయి. పైకి ఎంత పంపాలి అన్నది అక్కడ కొంత తేలుతుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెన్నుపాములో ఇలా ఒక ద్వారంలాంటి ఏర్పాటు ఉండాలని ప్రతిపాదించిన దగ్గర్నుంచే నొప్పి మీద ఆలోచన మారింది. అక్కడినుంచి కబురు మెదడుకి చేరితే, మెదడులో ఎన్నో భాగాలు కలిసి ఎక్కడ, ఎంత, ఎంత ప్రమాదం అని లెక్క కట్టాక గాని మనకి నొప్పి తెలియదు.

మెదడు ఊరికే కబుర్లు వింటూ కూర్చోదు. కిందికి కూడా ఆర్డర్లు పంపుతుంది. మెదడు కాండం నుంచి వెన్నుపాములోకి దిగే నరాలు సెరొటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాలను విడుదల చేసి, వస్తున్న నొప్పి కబుర్లను అక్కడికక్కడే అణచగలవు. ఇంట్లో పెళ్ళి హడావిడిలో కూరలు తరుగుతూ వేలు కోసుకున్న మనిషికి రాత్రి పడుకునేదాకా ఆ సంగతే తెలియకపోవడం మీరు చూసే ఉంటారు. ఆ అణిచివేత చేసే పనే అది.

ఫైబ్రోమయాల్జియాలో ఈ రెండు దారులూ తేడాగా ఉంటాయి. పైకి వెళ్ళే కబురు పెద్దదవుతుంది, కిందికి వచ్చే అణిచివేత నీరసిస్తుంది. పందిట్లో మైకు సెట్టువాడు సౌండు ఆఖరిదాకా తిప్పేసి వదిలేశాడనుకోండి, పాడేవాడు ఊపిరి తీసుకున్నా పెట్టెలు బుస్సుమంటాయి, అప్పుడు పాడేవాడి గొంతుకి పరీక్షలు చేయిస్తే ఏం దొరుకుతుంది? మీ కండరాలకి, కీళ్ళకి చేయించిన పరీక్షలు అలాంటివే.

ఇది నా ఊహ కాదు, కొలిచి చూశారు. ఈ జబ్బున్నవాళ్ళ వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలో, నొప్పి కబురు మోసే సబ్‌స్టెన్స్ పి అనే పదార్థం ఆరోగ్యవంతుల కంటే దాదాపు మూడింతలు ఉన్నట్టు 1990లలోనే తేలింది. 2002లో అమెరికాలో ఇంకో పరీక్ష చేశారు. ఎంఆర్ఐ మెషీన్లో పడుకోబెట్టి, బొటనవేలి గోరు మీద కొలత ప్రకారం నొక్కుతూ మెదడులో ఏ భాగాలు పనిచేస్తున్నాయో చూశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఎంత నొక్కితే మెదడులోని నొప్పి భాగాలు వెలిగాయో, అందులో సుమారు సగం ఒత్తిడికే ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్ళలో దాదాపు అవే భాగాలు వెలిగాయి. నటించి మెదడులో ఆ భాగాలను వెలిగించుకోవడం ఎవరి తరమూ కాదు, ఈ ముక్క మీ అత్తగారికి రెండోసారి చదవండి.

అలా నొక్కుతూ పోతే ఇంకో సంగతి కూడా కనపడుతుంది. ఒకే ఒత్తిడితో వెంటవెంటనే పదిసార్లు పొడిస్తే ఎవరికైనా పదోది మొదటిదానికంటే ఎక్కువగా తగులుతుంది. వెన్నుపాము నరకణాలు వచ్చిన కబుర్లను ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటాయి. ఈ జబ్బులో ఆ పేరుకోవడం మామూలు కంటే ఎక్కువ, ఆపేశాక చల్లబడటానికీ ఎక్కువసేపు పడుతుంది. బట్టలు పిండటం, పిండి కలపడం, చీపురు పట్టడం లాంటి పనులు, ఒక్కొక్కటిగా చూస్తే బరువు లేనివే, సాయంత్రానికి మిమ్మల్ని ఎందుకు పడేస్తాయో ఇప్పుడు అర్థమవుతుంది.

అయితే ఎందుకు మొదలవుతుంది అంటే ఒక్క కారణం చెప్పలేం. కుటుంబాల్లో నడుస్తుంది. కొందరికి జ్వరం, యాక్సిడెంటు, ఆపరేషన్ తర్వాత, కొందరికి ఏళ్ళ తరబడి మోసిన కష్టం తర్వాత మొదలవుతుంది, చాలామందికి ఏ కారణమూ కనపడదు. అన్నీ మెదడులోనే అని గిరి గీయడానికి కూడా లేదు. ఈ జబ్బున్నవాళ్ళలో దాదాపు సగం మందికి చర్మంలోని సన్నటి నరాల పోగులు కూడా దెబ్బతిన్నట్టు కనిపించింది. 2021లో బ్రిటన్, స్వీడన్ పరిశోధకులు రోగుల రక్తంలోని యాంటీబాడీలను ఎలుకలకి ఎక్కిస్తే, ఆ ఎలుకలు ఒత్తిడికి, చల్లదనానికి మామూలు కంటే ఎక్కువ బాధపడ్డాయి. ఎలుకలకి అత్తగార్లు, టెన్షన్లు లేవు కదా!

టెన్షన్ తగ్గించుకోమనడం పూర్తిగా తప్పు మాట కాదు. భయం, దిగులు, నిద్రలేమి ఈ నరాల దారులను ఇంకా రెచ్చగొడతాయి. కానీ చీటీ మీద ఆ ఒక్క ముక్క రాసి పంపేస్తే రోగికి వినపడేది "నీకేమీ లేదు" అని. నాకు కోపం అక్కడే.

ప్రశ్న: అయ్యా, మా ఆవిడకి ఇదే జబ్బు అన్నారు. నొప్పి సంగతి సరే, జడ వేసుకుంటే నెత్తి మండుతోందంటుంది, గాజులు తీసి పెట్టేసింది, రవికె చేతులు బిగుతుగా ఉంటే భరించలేదు. మనవడు పరుగెత్తుకొచ్చి ఒళ్ళో పడితే కళ్ళనీళ్ళు తిరుగుతాయి, వాడు బిక్కమొహం వేస్తాడు. టీవీ సౌండు పడదు, పక్కింట్లో ఎండుమిరపకాయల పోపు వేస్తే తల పట్టుకుంటుంది. ఇవన్నీ ఒకే జబ్బా? – రిటైర్డ్ ఉద్యోగి, రాయగడ

జవాబు: ఒకటే అండి. నొప్పి పెట్టాల్సినది రెట్టింపు నొప్పి పెట్టడం ఒకటి, అసలు నొప్పే పెట్టకూడని దువ్వెన, గాజు, మనవడి కౌగిలి నొప్పి పెట్టడం రెండోది. తాకిడిని మోసే నరాలు వేరు, నొప్పిని మోసేవి వేరు, కానీ వెన్నుపాములోని కణాలు మితిమీరి సున్నితమైపోయాక తాకిడి కబురుకి కూడా నొప్పి కణాలే జవాబిస్తాయి. సౌండు, వెలుతురు, ఘాటు వాసనలు కూడా పడకపోవడానికి కారణం, మెదడులో ఇన్సులా అనే భాగం ఒంటి లోపలా బయటా జరిగే వాటన్నిటినీ కలిపి తూచుతుంది. ఈ జబ్బులో అక్కడ గ్లుటమేట్ అనే ఉత్తేజపరిచే రసాయనం ఎక్కువగా ఉంటుందని, నొప్పి తగ్గిన కొద్దీ అదీ తగ్గుతుందని స్కానుల్లో చూశారు.

మనవడికి మాత్రం తాతగా మీరే చెప్పండి, "నానమ్మకి ఒంట్లో బాగోలేదు, మెల్లిగా వచ్చి పక్కన కూర్చో" అని. తనంటే నానమ్మకి ఇష్టం లేదని వాడు అనుకోకూడదు. ఇంకో సంగతి, నెత్తి మండటం ఒక పక్కనే ఉండి, నమిలితే దవడ నొప్పి, చూపు మసక కూడా ఉంటే అది వేరే జబ్బు కావచ్చు, 50 దాటినవాళ్ళలో అది అర్జెంటు, వెంటనే చూపించాలి.

ప్రశ్న: నమస్తే సార్. మేము ఇంటి దగ్గర అప్పడాలు చేసి అమ్ముతాం. పొద్దున్నుంచి పీట మీద వత్తి వత్తి చేతులు, రెక్కలు, వెన్ను ఒకటే నొప్పి, మూడేళ్ళు దాటింది. ముందు పనివల్ల అనుకున్నాం, పని మానేసి పుట్టింటికి వెళ్ళి నెల ఉన్నా తగ్గలేదు. మా వీధి చివర ఒకాయన ఇంజెక్షన్ ఇస్తే రెండు రోజులు హాయిగా ఉంటుంది, మళ్ళీ మామూలే. పెద్ద డాక్టరు దగ్గరికి వెళితే రాత్రిపూట వేసుకోమని ఒక చిన్న బిళ్ళ రాశారు. మందుల షాపులో అబ్బాయి అది డిప్రెషన్ బిళ్ళ అన్నాడు. నాకు పిచ్చి లేదు సార్. ఆ బిళ్ళ వేసుకోలేదు. – బరంపురం

జవాబు: తల్లీ, మీకు పిచ్చి లేదు, ఆ డాక్టరు కూడా మీకు పిచ్చి అనుకోలేదు. ఆయన చెయ్యాల్సింది ఒకటే, ఎందుకిస్తున్నానో ఒక నిమిషం చెప్పి ఉంటే మీరు వేసుకునేవారు.

ఇందాక చెప్పాను చూశారా, మెదడు నుంచి కిందికి దిగి నొప్పిని అణిచే నరాలు సెరొటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్‌తో పనిచేస్తాయని. ఆ రెండు రసాయనాలనూ నిలబెట్టే మందులు మొదట డిప్రెషన్‌కి వచ్చాయి, తర్వాత నొప్పికి కూడా పనిచేస్తాయని తెలిసింది. అమిట్రిప్టిలిన్ అనే పాత మందు డిప్రెషన్‌కి 75 మిల్లీగ్రాములూ అంతకు పైనా వాడతారు, మీలాంటి నొప్పికి రాత్రిపూట 10తో మొదలుపెడతారు. ఆ డోసులోనే తేడా కనపడుతోంది కదా. చవక మందు. నోరు ఎండుతుంది, పొద్దున్న కాస్త మత్తుగా ఉంటుంది, మలబద్ధకం రావచ్చు. గుండె లయలో తేడా, కంట్లో నీటికాసులు ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి. డులోక్సెటిన్ ఇంకొకటి, డిప్రెషన్ లేనివాళ్ళలో కూడా నొప్పి తగ్గిస్తుంది. ప్రీగాబలిన్ ఇంకో రకం, అది నరాల చివర్ల నుంచి గ్లుటమేట్, సబ్‌స్టెన్స్ పి లాంటివి విడుదల కావడాన్ని తగ్గిస్తుంది, కళ్ళు తిరగడం, ఒళ్ళు రావడం, కాళ్ళ వాపు ఉండొచ్చు. అమెరికాలో ఈ జబ్బుకంటూ అనుమతి ముందు దానికే వచ్చింది 2007లో, డులోక్సెటిన్‌కి 2008లో, మిల్నాసిప్రాన్ అనే ఇంకో మందుకి 2009లో. వీటిలో ఏదీ ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లిగా తగ్గించుకుంటూ రావాలి. ఏదీ మంత్రం వేసినట్టు కూడా పనిచెయ్యదు. నొప్పి మూడోవంతు తగ్గి, రాత్రి నిద్రపడితే మందు పనిచేసినట్టే లెక్క. కొందరికి ఒకటి పడకపోతే ఇంకోటి పడుతుంది.

ఇక ఆ ఇంజెక్షన్. అందులో ఏముందో ఆయన చెప్పడు, మీరు అడగరు. చాలాచోట్ల నొప్పి మందుతో పాటు స్టెరాయిడు కలిపి కొడతారు, అందుకే రెండు రోజులు ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది. నెలల తరబడి అలా వేయించుకుంటే మొహం ఉబ్బుతుంది, షుగరు వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి, ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడు ఆగిపోయి, ఉన్నట్టుండి ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఎన్నాళ్ళుగా వేయించుకుంటున్నారో డాక్టరుకి దాచకుండా చెప్పి, ఆయన చెప్పిన పద్ధతిలో మానండి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు వాపున్నచోట పనిచేసే మందులు. ఫైబ్రోమయాల్జియాలో ఆ వాపు లేదు, అందుకే బిళ్ళ నొప్పిని వదిలేసి కడుపుని, కిడ్నీని పట్టుకుంటుంది. మార్ఫిన్ లాంటి గట్టి మత్తు మందులు కూడా ఇక్కడ సరిగా పనిచెయ్యవు. ఈ జబ్బున్నవాళ్ళ మెదడులో ఆ మందులు అంటుకునే చోట్లే తక్కువ ఖాళీగా ఉన్నట్టు 2007లో స్కానుల్లో కనిపించింది, బహుశా ఒంట్లోని సొంత నొప్పిమందు వాటిని ముందే ఆక్రమించి ఉండటం వల్ల.

అప్పడాల పని మానమని నేను చెప్పను, మానితే ఇల్లు గడవదు. కింద కూర్చుని వంగి వత్తే బదులు పీటని బల్లమీదికి ఎక్కించండి, మోచెయ్యి నడుం ఎత్తులో ఉండాలి. అరగంట వత్తాక కర్ర పక్కన పెట్టి లేచి, ఎండలో ఆరేసే పని చెయ్యండి, మళ్ళీ వచ్చి కూర్చోండి. నొప్పి వచ్చాక లేవడం కాదు, రాకముందే లేవాలి.

ప్రశ్న: ఎనిమిది గంటలు పడుకుంటాను. లేచేసరికి రాత్రంతా ఎవరో మోసుకెళ్ళి పడేసినట్టు ఉంటుంది. పడుకోకముందే నయం. బడిలో పిల్లల పేర్లు మర్చిపోతున్నాను, చెయ్యబోయిన పని గుర్తుండదు. మతిమరుపు రోగమేమోనని భయంగా ఉంది. – టీచరు, గుణుపూర్

జవాబు: బడిలో పనిచేసే వయసులో మతిమరుపు రోగం అరుదు, భయపడకండి. ఫైబ్రోమయాల్జియాలో నిద్ర గంటలు సరిపోయినా నిద్ర లోతు సరిపోదు. 1975లో కెనడాలో మోల్డోఫ్‌స్కీ అనే డాక్టరు చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. ఈ నొప్పులున్నవాళ్ళు గాఢనిద్రలో ఉన్నప్పుడు కూడా మెదడులో మెలకువ తరంగాలు చొరబడుతున్నాయని ఆయన చూశాడు. అక్కడితో ఆగకుండా, ఏ జబ్బూ లేని కుర్రాళ్ళను తెచ్చి, వాళ్ళు గాఢనిద్రలోకి జారినప్పుడల్లా చప్పుడు చేసి, మెలకువ రాకుండా ఆ నిద్ర మాత్రం చెడగొట్టాడు. కొన్ని రాత్రులకే వాళ్ళకి ఒళ్ళునొప్పులు, నొక్కితే బాధ మొదలయ్యాయి. నిద్ర చెడగొట్టడం ఆపేశాక అవి పోయాయి. అంటే నొప్పి నిద్రని చెడగొట్టడం ఒక్కటే కాదు, చెడిన నిద్ర నొప్పిని పెంచుతుంది కూడా. మెదడు నుంచి కిందికి దిగే అణిచివేత నిద్రలేని మర్నాడు ఇంకా బలహీనంగా ఉంటుంది. పేర్లు మర్చిపోవడానికి కూడా కారణం ఇదే చాలావరకు, ఉన్న ధ్యాసలో సగం నొప్పే తినేస్తోంది.

గురక, నిద్రలో ఊపిరి ఆగినట్టు ఉండటం ఉందా అని ఇంట్లోవాళ్ళని అడగండి, ఉంటే దానికి వేరే వైద్యం ఉంది. రాత్రి కాళ్ళు ఊరికే కదపాలనిపిస్తుంటే రక్తంలో ఐరన్ చూపించుకోండి. మధ్యాహ్నం భోజనమయ్యాక పడుకునే అలవాటుంటే 20 నిమిషాలకు మించనివ్వకండి. సాయంత్రం స్టాఫ్‌రూము టీ మానెయ్యమంటే తిట్టుకుంటారేమో గాని, నాలుగు దాటాక వద్దు. అన్నిటికంటే ముఖ్యం, నిద్రపట్టినా పట్టకపోయినా, ఆదివారమైనా సరే, పొద్దున్న ఒకే టైముకి లేవడం.

ప్రశ్న: అందరూ నడవమంటారు. ఒక రోజు ఓపిక ఉందని ఊరంతా నడిచి, సంతకెళ్ళి, బట్టలన్నీ ఉతికేశాను. తర్వాత మూడు రోజులు మంచం దిగలేదు. ఇంకెప్పుడూ నడవను అనుకున్నాను. – జయపురం

జవాబు: నడక మీద కోపం వద్దు, ఆ రోజు లెక్క తప్పింది అంతే. మామూలు మనిషి వ్యాయామం చేస్తే ఒంట్లో సొంత నొప్పిమందులు విడుదలై ఒళ్ళు తేలికపడుతుంది. మీ నరాల్లో ఆ పని సరిగా జరగదు, అందుకని ఒక్కసారిగా ఎక్కువ చేస్తే నొప్పి తగ్గకపోగా ఎగుస్తుంది. అయినా యూరప్ కీళ్ళవాతం డాక్టర్ల సంఘం 2016లో ఈ జబ్బు వైద్యాలన్నీ తిరగేసి, గట్టిగా సిఫారసు చేసింది ఒక్క వ్యాయామాన్నే. మందులకి కూడా అంత గట్టి మాట ఇవ్వలేదు. మెల్లిగా, రోజూ చేస్తే అణిచివేత దారి బలపడుతుంది, నిద్ర లోతుపడుతుంది.

చెయ్యాల్సింది ఇది. మీ బాగోలేని రోజున కూడా ఎంత నడవగలరో చూసుకోండి, ఐదు నిమిషాలే కావచ్చు, వీధి మొదటి దాకా వెళ్ళి రావడమే కావచ్చు. ఒంట్లో బాగున్న రోజున కూడా అంతే నడవాలి, అసలు కష్టం ఇక్కడే. ఒక వారం, పది రోజులు నిలబడితే ఒకటి రెండు నిమిషాలు పెంచండి. నడిచిన మర్నాడు కాస్త బరువుగా ఉండటం మామూలే, రెండు రోజులైనా తగ్గకపోతే వెనక్కి తగ్గించండి గాని మానకండి. ఫలితం కనపడటానికి నెలలు పడుతుంది. సంత, ఉతుకు, నడక ఒకే రోజు పెట్టుకోకండి. ఉతుకులో సగం ఇంట్లో మగపిల్లలకి అప్పగిస్తే వాళ్ళకీ వ్యాయామమే.

ప్రశ్న: నేను మగాణ్ణి, 35 ఏళ్ళు, లారీ నడుపుతాను. ఇది ఆడవాళ్ళ జబ్బు అని నెట్‌లో చూశాను. నాకు కూడా రాసిచ్చారు. తప్పు రాశారా? – రాయగడ

జవాబు: తప్పు అనుకోనక్కర్లేదు. 1990లో పెట్టిన లెక్క ప్రకారం ఒంటి మీద 18 చోట్ల నొక్కి చూసి 11 చోట్ల నొప్పి ఉంటేనే ఈ జబ్బు అనేవారు. నొక్కితే ఆడవాళ్ళకి సహజంగానే ఎక్కువ నొప్పి తెలుస్తుంది కాబట్టి మగవాళ్ళు ఆ జల్లెడలోంచి జారిపోయారు. 2010 నుంచి నొక్కడం మానేసి, ఎన్ని చోట్ల నొప్పి, నిద్ర, అలసట, మతిమరుపు ఎంత అని అడుగుతున్నారు, మగవాళ్ళ సంఖ్య పెరిగింది. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో బాబూ, మత్తు వచ్చే మందు ఏది మొదలుపెట్టినా, అది నీకు ఎలా పడుతోందో తెలిసేదాకా స్టీరింగ్ పట్టుకోకు. డ్రైవర్నని డాక్టరుకి ముందే చెప్పు.

ప్రశ్న: మా అక్కకి చికున్‌గున్యా వచ్చి ఏడాదైంది, నొప్పులు పోలేదు. ఇప్పుడు ఫైబ్రోమయాల్జియా అంటున్నారు. మా ఊళ్ళో ఇంకొకావిడ సికిల్ సెల్‌కి కూడా ఇలాగే నొప్పులు అంటోంది. ఏది నమ్మాలి? – కోరాపుట్ జిల్లా

జవాబు: మూడూ నిజంగా ఉన్నవే, మీ జిల్లాలో అయితే మూడూ చూడాల్సినవే. చికున్‌గున్యా తర్వాత కీళ్ళ నొప్పులు నెలల తరబడి ఉంటాయి, కొందరిలో అది కీళ్ళవాపుగా మిగిలితే, కొందరిలో వాపు పోయి నరాల సున్నితత్వం మాత్రం మిగిలిపోతుంది. కీలు వాచి, వేడిగా ఉండి, పొద్దున్న గంటకు పైగా బిగుసుకుపోతుంటే ఫైబ్రోమయాల్జియా అని సరిపెట్టకూడదు. సికిల్ సెల్ చిన్నప్పటి నుంచీ ఉండే రక్తం జబ్బు, నొప్పి ఉన్నట్టుండి విరుచుకుపడుతుంది, రక్తం తక్కువగా, కళ్ళు పచ్చగా ఉంటాయి. కేంద్రప్రభుత్వం 2023లో మొదలుపెట్టిన సికిల్ సెల్ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేస్తున్నారు, మీ పీహెచ్‌సీలో అడగండి. వీటితో పాటు థైరాయిడు, విటమిన్ డి, బి12, రక్తకణాల లెక్క చూసే సీబీసీ, ఒంట్లో వాపుని పట్టే ఈఎస్ఆర్, సీఆర్‌పీ ఒకసారి చూస్తే చాలు. అవే పరీక్షలు ప్రతి మూడు నెలలకీ చేయించి డబ్బు తగలెయ్యకండి.

ప్రశ్న: వంకాయ, గోంగూర మానేశాను, చురకలు కూడా వేయించుకున్నాను. ఇంకా ఏం పత్యం చెయ్యాలి? – గుణుపూర్ దగ్గర పల్లె

జవాబు: ఏ పత్యమూ లేదు, వంకాయ తినండి. చురకలు మాత్రం ఇక వద్దు. కాల్చినచోట పుండు పడి చీము పడితే అది ఇంకో జబ్బు. చురక పెట్టినప్పుడు పాత నొప్పి కాసేపు తగ్గినట్టు ఉంటుంది, ఒకచోట గట్టి నొప్పి పుడితే మెదడు ఇంకోచోటి నొప్పిని కొంచెం అణుస్తుంది గనక. ఈ జబ్బులో ఆ కాస్త గుణం కూడా సరిగా పనిచెయ్యదు. వేడినీళ్ళ కాపడం పెట్టుకోండి.

ప్రశ్న: ఎముకల డాక్టరా, నరాల డాక్టరా, ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఇక్కడ డాక్టర్లు ఒడియాలో అడుగుతారు, బజారు ఒడియా వచ్చు గాని సలుపు, పీకు, మంట ఇవన్నీ విడమరిచి చెప్పలేను. – పర్లాకిమిడి

జవాబు: ముందు జనరల్ మెడిసిన్ డాక్టరు దగ్గరికి. అవసరమైతే ఆయనే కీళ్ళవాతం స్పెషలిస్టు దగ్గరికి పంపుతారు. మీకు దగ్గర్లో బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, కోరాపుట్ వైపు వాళ్ళకి ఎస్ఎల్ఎన్ మెడికల్ కాలేజీ, తెలుగులోనే మాట్లాడాలనుకుంటే విశాఖ కేజీహెచ్.

మాటలు రాకపోయినా పనవుతుంది. తెల్లకాగితం మీద మనిషి బొమ్మ ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి గీసి, గడిచిన వారంలో నొప్పి వచ్చిన చోటల్లా పెన్నుతో నింపండి. డాక్టర్లు వాడే లెక్క కూడా ఇంచుమించు ఇదే, ఒంటిని 19 చోట్లుగా విడగొట్టి ఎన్నిచోట్ల నొప్పి ఉందో చూస్తారు, మూడు నెలలకు పైగా ఉందా అని అడుగుతారు. పక్కన నాలుగు అంకెలు వెయ్యండి, నిద్ర లేచేటప్పటి హుషారు, అలసట, మతిమరుపు, నొప్పి, పదికి ఎంత అని. కింద ఇప్పటిదాకా వాడిన మందుల పేర్లు, వీధి చివర ఇంజెక్షన్లతో సహా. పేర్లు తెలియకపోతే ఖాళీ స్ట్రిప్పులే సంచిలో వేసుకెళ్ళండి. ఇంట్లో ఒడియా బడిలో చదువుకున్న పిల్లలుంటే ఒకర్ని వెంటబెట్టుకెళ్ళండి. బరువు తగ్గడం, విడవని జ్వరం, కాళ్ళూ చేతుల్లో పట్టు తప్పడం, మూత్రం మీద అదుపు పోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మాత్రం కాగితాలు రాసుకుంటూ కూర్చోకుండా ఆ రోజే బయల్దేరండి.